500 క్యారెక్టర్ల పనితనం

భద్రాచలం ప్రాంతంలో చర్ల, దుమ్ముగూడెం వైపు అడవి అంచు ఊళ్లలో సిగ్నల్ చాలాచోట్ల ఒక్క గీత దగ్గరే ఊగిసలాడుతుంది. అక్కడ యాప్ అప్‌డేట్ అడిగితే డేటా ఖర్చు పెట్టాలా వద్దా అని తేల్చేది దాని కింద రాసిన నాలుగు ముక్కలే. ‘బగ్స్ సరిచేశాం’ అని చేతులు దులుపుకునేవాళ్లే ఎక్కువ. ఆ ముక్కలు రాయడంలో పనిమంతుల తీరు వేరు. ‘సింక్ మాడ్యూల్ మార్చాం’ అని ప్రోగ్రామర్ రాసిచ్చిన వాక్యం వాళ్ల చేతిలో ‘సిగ్నల్ పోయినా మీరు నింపిన ఫారం చెరిగిపోదు’ అయి మొదటి వరుసకెక్కుతుంది. పాత బటన్ ఎత్తేస్తే దాచరు, ఎక్కడికి మారిందో చెబుతారు. ఇదంతా గూగుల్ ప్లేలో ఒక్కో భాషకు 500 క్యారెక్టర్లలోనే ఇమడాలి. తెలుగుకు అది మరీ ఇరుకు. ‘స్త్రీ’ ఒక్కటే యూనికోడ్ లెక్కలో ఆరు! వరద హెచ్చరికల సంగతీ ఇలాంటిదే. భద్రాచలంలో గోదావరి 43 అడుగులకు చేరితే మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. ఆ అంకెను ‘ఫలానా దారి మునుగుతుంది, పశువుల్ని మెట్టకు తోలండి’ అని విప్పి చెప్పగలిగినవాడిదే ఈ విద్య. ఈసారి అప్‌డేట్ నొక్కే ముందు ఆ నాలుగు ముక్కలూ చదవండి.