విద్యుత్ మోటారు కారు: చెప్పిన దూరము, నడిచే దూరము

2024 జనవరిలో టాటా కంపెనీవారు పంచ్ ఈవీ అనే చిన్న విద్యుత్ కారును విడుదల చేసినప్పుడు దానిలో రెండు రకాలు వుంచారు. ఒకసారి బ్యాటరీ నింపితే 25 యూనిట్ల రకము 315 కిలోమీటర్లు, 35 యూనిట్ల రకము 421 కిలోమీటర్లు పోతుందని ప్రకటించారు. ప్రకాశం జిల్లా పడమటి భాగాన వున్న కురిచేడు నుండి దర్శి మీదుగా ఒంగోలు పోయి తిరిగి రావటానికి సుమారు 170 కిలోమీటర్లు అవుతుంది. ఈ సంఖ్యలను పక్కపక్కన పెట్టి చూసినవారికి చిన్న రకమే చాలునని, ఒంగోలు వెళ్ళి వచ్చిన తరువాత కూడా వినుకొండ సంతకు పోయేటంత శక్తి మిగులుతుందని తోస్తుంది. ఆ నమ్మకముతో వైశాఖమాసపు మధ్యాహ్నము నలుగురిని ఎక్కించుకొని, చల్లని గాలి యంత్రము వేసుకొని, గంటకు 80 కిలోమీటర్ల వేగముతో బయలుదేరిన కుటుంబానికి తిరుగుదారిలో దర్శి దగ్గరకు వచ్చేసరికి బ్యాటరీ అడుగంటుతుంది. పది, పన్నెండు లక్షలు పెట్టి కొన్న వస్తువు ఇల్లు చేరకుండా ఆగిపోవటము సామాన్యమైన విషయము కాదు.

అయితే కంపెనీవారు అబద్ధమాడినారా? లేదు. ఆ 315, ఆ 421 ప్రభుత్వము నిర్ణయించిన పరీక్షలో వచ్చినవే. చిక్కంతా ఆ పరీక్షలో వున్నది. పరీక్షాశాలలో కారు చక్రాలను రోలర్ల మీద వుంచి, ముందే వ్రాసిపెట్టిన వేగాల పట్టిక ప్రకారము నడుపుతారు. ఈ పట్టికను ఐరోపాలో వాడిన పాత పట్టిక నుండి మన రోడ్లకు తగినట్లు సవరించి తయారుచేశారు. అందులో వేగము ఎప్పుడూ 90 కిలోమీటర్లు దాటదు. చాలా భాగము నగరములో ఆగుతూ, సాగుతూ పోయే నడకే. చల్లని గాలి యంత్రము వేయరు. ఎదురుగాలి లేదు, గుంటలు లేవు, వెనుక సీటులో మేనమామ కుటుంబము లేదు.

విద్యుత్ కారుకు ఇటువంటి మందగమనము మిక్కిలి అనుకూలము. పెట్రోలు కారు ఆగి వున్నప్పుడు కూడా ఇంజను తిరుగుతూ చమురు తాగుతుంది. విద్యుత్ మోటారు ఆగినప్పుడు ఏమీ తాగదు. పైగా వేగము తగ్గించేటప్పుడు మోటారే డైనమోగా మారి కొంత శక్తిని తిరిగి బ్యాటరీకి చేర్చుతుంది. అందుచేత పెట్రోలు కారు ఊళ్ళో ఎక్కువ ఖర్చుచేసి రహదారి మీద పొదుపు చేస్తే, విద్యుత్ కారు ఊళ్ళో పొదుపు చేసి రహదారి మీద ఖర్చు చేస్తుంది. ప్రకటనలోని సంఖ్య ఊరి సంఖ్య. కురిచేడువారికి కావలసినది దారి సంఖ్య.

ఆ దారి సంఖ్యను ఎవరికి వారే కట్టుకోవచ్చు. ఉన్నత పాఠశాల భౌతికశాస్త్రము చాలు. మార్కాపురము పలక మీద పట్టేటంత లెక్క. ఒక న్యూటను బలముతో ఒక కిలోమీటరు తోస్తే ఖర్చయ్యే పని ఒక కిలోజౌలు. 3,600 కిలోజౌళ్ళు ఒక యూనిట్టు. కాబట్టి కారును వెనక్కు లాగే బలము ఎన్ని న్యూటన్లో తెలిస్తే, దానిని 3.6 చేత భాగించగా కిలోమీటరుకు ఎన్ని వాట్-గంటలు కావాలో వస్తుంది.

నలుగురు మనుషులతో కలిపి బరువు 1,500 కిలోలు అనుకొందాము. చక్రాల ఒరిపిడి ఈ బరువులో నూటికి 1.2 వంతు, అంటే సుమారు 177 న్యూటన్లు. వేగముతో ఇది పెద్దగా మారదు. గాలి నిరోధము అట్లా కాదు. వేగము వర్గముతో పెరుగుతుంది. ఈ ఎత్తు, ఈ వెడల్పు గల కారుకు గంటకు 60 కిలోమీటర్ల వద్ద అది సుమారు 138 న్యూటన్లు, 80 వద్ద 245, 100 వద్ద 383. రెండు బలాలను కూడి 3.6 చేత భాగించి, మోటారులోను ఇతర భాగాలలోను నూటికి 13 వంతులు వ్యర్థమవుతుందని తీసుకొని, చల్లని గాలి యంత్రానికి ఒక కిలోవాటు కలిపితే, కిలోమీటరుకు 60 వేగములో 117, 80 వేగములో 147, 100 వేగములో 189 వాట్-గంటలు వస్తాయి. బ్యాటరీని పూర్తిగా ఖాళీ చేయరు గనుక నూటికి 85 వంతులే వాడుకకు వుంటుందనుకుంటే, 25 యూనిట్ల కారు 60 వేగములో 181 కిలోమీటర్లు, 80 వేగములో 145, 100 వేగములో 112 కిలోమీటర్లు మాత్రమే నడుస్తుంది. 35 యూనిట్ల కారు వరుసగా 254, 202, 157 కిలోమీటర్లు నడుస్తుంది.

ఇప్పుడు ఒంగోలు ప్రయాణాన్ని మరల చూడండి. చిన్న రకము 60 దాటకుండా పోతే అంచు మీద ఇల్లు చేరుతుంది. 80లో పోతే చేరదు. పెద్ద రకము 80లో పోయినా కొంత మిగిల్చి చేరుతుంది. 100లో పోతే దానికీ చాలదు. కారు అమ్మే చోట చెప్పే మాటలన్నిటికంటె ఈ నాలుగు వాక్యాలు ముఖ్యము. విడుదలనాడు ఈ రెండు రకాల మధ్య ప్రారంభ ధరలో తేడా రెండు లక్షలు, చిన్నది 10.99 లక్షలు, పెద్దది 12.99 లక్షలు. తరువాత ధరలు మారినవి. చవక అనే మాట చిన్న రకానికే పెడతారు గాని, జిల్లా కేంద్రానికి పోయిరాలేని కారు కురిచేడులో ఎంత చవకయినా ఖరీదైనదే.

కంపెనీవారికి కూడా ఈ సంగతి తెలియకపోలేదు. 2024లో టాటావారే, తమ కారు వాడుకదారులలో నూటికి 75 మందికి వాస్తవముగా వచ్చే దూరమని మరొక సంఖ్యను ప్రకటించటము మొదలుపెట్టారు. 45 యూనిట్ల నెక్సాన్ ఈవీకి పరీక్షలో వచ్చిన దూరము 489 కిలోమీటర్లు కాగా, ఈ రెండవ లెక్కలో 350 నుండి 370. ఇది మెచ్చుకోదగిన పని. కాని పెద్ద అక్షరాలలో మొదటి సంఖ్యను, చిన్న అక్షరాలలో రెండవదానిని వేసే అలవాటు మానితే ఇంకా బాగుండేది.

ఎండ సంగతి వేరే చెప్పవలసి వున్నది. మార్కాపురము, గిద్దలూరు, కురిచేడు ప్రాంతము వర్షాభావానికీ ఎండకూ పేరుపడినది. వేసవిలో ఉష్ణోగ్రత 42, 43 డిగ్రీలకు పోవటము వింత కాదు. బ్యాటరీలోని లిథియము ఘటాలకు మనిషికి హాయిగా వుండే ఉష్ణోగ్రతే హాయి. వేడి ఎక్కువయితే లోపలి రసాయన చర్యలు అవసరము లేని దారులలో కూడా సాగి, ఘటము ఏటేటా కొంత కొంత శక్తిని పట్టుకొనే గుణము కోల్పోతుంది. అందువల్ల పంచ్, నెక్సాన్ వంటి వాటిలో ఘటాల మధ్య ద్రవమును ప్రవహింపజేసి వేడిని బయటకు పంపుతారు. 2023 ఫిబ్రవరిలో 11.50 లక్షల ప్రారంభ ధరకు వచ్చిన సిట్రొయెన్ ఈసీ3లో 29.2 యూనిట్ల బ్యాటరీని గాలితోనే చల్లబరిచే ఏర్పాటు చేశారు. బయటి గాలే 43 డిగ్రీలున్నప్పుడు ఆ గాలితో చల్లార్చటము కాగిన నీళ్ళతో పొయ్యి ఆర్పినట్లే. కొంత ఆరుతుంది, చల్లబడదు. పైగా 2024 మార్చిలో గ్లోబల్ ఎన్‌క్యాప్ వారు చేసిన ఢీకొట్టే పరీక్షలో పెద్దల రక్షణకు ఆ కారుకు ఒక నక్షత్రము కూడా రాలేదు. అదే సంవత్సరము జూన్‌లో భారత్ ఎన్‌క్యాప్ పరీక్షలో పంచ్ ఈవీకి అయిదు నక్షత్రాలు వచ్చినవి. లారీలతో కలిసి పోయే రెండు వరుసల రోడ్డు మీద ఈ తేడా దూరపు లెక్కకంటె ముందు చూడవలసినది.

ఇక కారును ఎక్కడ నింపాలి? రాత్రిపూట ఇంట్లోనే. 3.3 కిలోవాట్ల సాధారణ చార్జరు 230 వోల్టుల వద్ద 14 ఆంపియర్లకు పైగా తీసుకుంటుంది. 35 యూనిట్ల బ్యాటరీ పూర్తిగా నిండటానికి, నష్టాలతో కలిపి, పన్నెండు గంటలు పడుతుంది. ఇస్త్రీపెట్టె పది నిముషాలు తీసుకొనేదానికంటె ఎంతో ఎక్కువ కరెంటును ఈ కారు తెల్లవార్లూ తీసుకుంటుంది. పాత ఇంటి సన్నని తీగకు, వదులైన సాకెట్టుకు ఇది ప్రమాదము. మీటరు నుండి విడిగా మందమైన తీగ లాగించి, ఇంటికి మంజూరయిన లోడును పెంచుకొని, ఎర్తింగు గుంటను చూసుకోవలె. ఎండిన నేలలో ఎర్తు సరిగా పనిచేయదు; బొగ్గు, ఉప్పు వేసి, వేసవిలో బిందెడు నీళ్ళు పోస్తూ వుండటము ఈ ప్రాంతములో పెద్దలెరిగిన జాగ్రత్తే.

ఖర్చు విషయములో కూడా ఒక పొరపాటు తరచుగా జరుగుతున్నది. యూనిట్టు రెండు, మూడు రూపాయలే గదా అని లెక్క వేస్తారు. ఆంధ్రప్రదేశ్‌లో 2022 నాటి గృహ విద్యుత్ ధరల పట్టికలో మొదటి 30 యూనిట్లు 1.90 రూపాయలే, కాని 126 నుండి 225 వరకు 6 రూపాయలు, ఆపైన 400 వరకు 8.75. నెలకు 150 యూనిట్లు వాడే ఇంటికి కారు మరో 200 యూనిట్లు చేర్చితే, ఆ 200 యూనిట్లూ పై మెట్ల మీదనే పడతాయి; 1,544 రూపాయలు అవుతుంది. చార్జరులో నష్టము పోగా, ఊరి నడక, దారి నడక కలిపి దానితో 1,300 కిలోమీటర్లు నడుస్తుందనుకుంటే కిలోమీటరుకు దాదాపు 1.20 రూపాయలు. లీటరుకు 16 కిలోమీటర్లు ఇచ్చే పెట్రోలు కారుకు, లీటరు 110 రూపాయల లెక్కన, కిలోమీటరుకు 6.90. మిగులు 5.70 రూపాయలు.

ఈ మిగులు చూసి సంతోషించేముందు నెలకు ఎన్ని కిలోమీటర్లు తిరుగుతారో చూడవలె. అటువంటి పెట్రోలు కారుకంటె ధర నాలుగు లక్షలు ఎక్కువ అనుకొందాము. కురిచేడులో కాపురముండి రోజూ మార్కాపురములోని పాఠశాలకు పోయి వచ్చే ఉపాధ్యాయుడు నెలకు రెండు వేల కిలోమీటర్లు తిరిగితే 11,400 మిగులుతుంది. మూడు సంవత్సరాలలో ఆ నాలుగు లక్షలు తిరిగి వస్తాయి. నెలకు రెండుసార్లు ఒంగోలు, ఒకసారి పెండ్లి, మరొకసారి ఆసుపత్రి అని 500 కిలోమీటర్లే తిరిగే కుటుంబానికి మిగిలేది 2,850. అసలు రావటానికి పదకొండు సంవత్సరాలు దాటుతుంది. బ్యాటరీకి పంచ్ ఈవీ మీద ఇచ్చిన పూచీ 8 సంవత్సరాలు లేదా 1,60,000 కిలోమీటర్లు. రెండవ కుటుంబానికి గుంటూరు రైలే మేలు.

బ్యాటరీని అద్దెకు ఇచ్చే పద్ధతి కూడా 2024 సెప్టెంబరులో ఎంజీ విండ్సర్ కారుతో వచ్చినది. బ్యాటరీ లేకుండా కారు 9.99 లక్షలు, నడిచిన ప్రతి కిలోమీటరుకు 3.50 అద్దె అన్నారు. ఆ అద్దెకు విద్యుత్తు 1.20 కలిపితే 4.70 అవుతున్నది. ఎక్కువ తిరిగేవారే విద్యుత్ కారువల్ల లాభపడతారని పైన చూశాము. ఎక్కువ తిరిగినకొద్దీ అద్దె పెరగటము ఈ ఏర్పాటు తమాషా.

"ఎస్.యు.వి." అన్న బిరుదు సంగతి కొంచెము. పంచ్, నెక్సాన్ రెండూ ముందు చక్రాలతో నడిచే మామూలు కార్లే. నల్లరేగడి బురదలో దిగితే ఏ చిన్న కారయినా చిక్కుకొన్నట్లే చిక్కుకుంటాయి. ఎత్తయిన ఆకారము గాలి నిరోధాన్ని పెంచుతుంది. పైన చూసిన 383 న్యూటన్లలో ఆ ఆకారపు వాటా వున్నది. కాని పంచ్ అడుగుభాగము నేలకు 190 మిల్లీమీటర్ల ఎత్తున వుండటము సాగరు కాలువ గట్ల దారులలో నిజముగా పనికివచ్చే గుణము. ఇంకొక విశేషము: పెట్రోలు కార్లను నాలుగు మీటర్ల లోపు కుదించటానికి పన్ను తేడాయే ముఖ్య కారణము. విద్యుత్ కార్లకు పొడవు ఎంతయినా జీఎస్టీ నూటికి 5 మాత్రమే. పెట్రోలు కారు ఆకారము నుండే వీటిని తీర్చిదిద్దినందువల్ల ఆ పొట్టితనము వీటికి కూడా వారసత్వముగా వచ్చినది.

దోర్నాల నుండి శ్రీశైలము ఘాటు ఎక్కేవారు మరొక అంకె గుర్తుంచుకోవలె. ఈ కారు నూరు మీటర్ల ఎత్తు ఎక్కితే 0.41 యూనిట్లు అదనము. నష్టాలు కలిపితే సుమారు సగము యూనిట్టు. దిగేటప్పుడు అందులో కొంత తిరిగి వస్తుంది, అంతా రాదు.

కురిచేడులో రోజూ తిరిగే ఇంటికి 35 యూనిట్ల పంచ్ వంటిది సరిపోతుంది. గుంటూరుకు కూడా తరచుగా పోయేవారు 45 యూనిట్ల నెక్సాన్ వైపు చూడవలె. 25 యూనిట్లది దర్శి, దొనకొండ, వినుకొండలకు మించి పోనివారికే. కొనే ముందు అంగడివారిని రంగు గురించి కాక ఒక మాట అడగవచ్చు: మే నెలలో, మధ్యాహ్నము రెండు గంటలకు, నలుగురితో, చల్లని గాలి వేసుకొని, 80 వేగములో యాభై కిలోమీటర్లు నడిపి చూడనిస్తారా? బయలుదేరేటప్పుడు బ్యాటరీ నూటికి ఎంత, తిరిగి వచ్చేసరికి ఎంత అని కాగితము మీద వేసుకుంటే, మిగతా లెక్క ఎనిమిదవ తరగతి పిల్లవాడు చేస్తాడు.