స్క్రీన్‌షాట్ తీశాం కదా అంటే చాలదు

"అన్నీ వాట్సాప్‌లో ఉన్నాయి సార్, స్క్రీన్‌షాట్లు కూడా తీసి పెట్టాను." ఈమధ్య ఆఫీసు మెట్లెక్కే పార్టీల్లో సగం మంది మొదటి మాట ఇదే. ఒకప్పుడు ప్రోనోటో అగ్రిమెంటో చేతికిచ్చేవారు. స్టాంపు, సంతకం, సాక్షుల పేర్లు చూసి కేసు బలమెంతో అంచనా కట్టేవాళ్లం. ఇప్పుడు అప్పివ్వడం యూపీఐలో, అడగడం వాట్సాప్‌లో, పోట్లాట ఫోన్‌లో.

అందుకే స్క్రీన్‌షాట్లు చూడకముందే నేనడిగేది ఒకటుంది: "ఆ మెసేజీలు వచ్చిన ఫోన్ ఉందా?" పాతది ఎక్స్చేంజ్‌లో ఇచ్చేశామంటే కేసు బరువు అక్కడే తగ్గిపోతుంది. దొంగ చాట్ తయారుచేయడం నేడు పిల్లలకూ చేతనైన పని. క్రాస్ ఎగ్జామినేషన్‌లో ఎదుటి వకీలు పట్టుకునేదీ దాన్నే.

ఇలాంటి ఎలక్ట్రానిక్ రికార్డుల నకళ్లను సాక్ష్యంగా ఎలా తీసుకోవాలన్న విషయంలో సుప్రీంకోర్టే చాలాకాలం అటూ ఇటూ ఊగింది. కంప్యూటర్ నుంచి తీసిన నకలుకు సర్టిఫికెట్ జతచేయాలన్న 65బి సెక్షన్, 2000 నాటి ఐటీ చట్టంతో సాక్ష్య చట్టంలోకి వచ్చింది. 2005లో పార్లమెంటుపై దాడి కేసులో ఆ సర్టిఫికెట్ లేకున్నా కాల్ రికార్డులు చెల్లుతాయన్నారు. 2014లో కేరళ ఎన్నికల వివాదంలో సీడీలు దాఖలైనప్పుడు, సర్టిఫికెట్ ఉండి తీరాలన్నారు. 2018లో మళ్లీ పట్టు సడలించారు. చివరికి 2020లో, మహారాష్ట్రలోని జాల్నా ఎన్నిక గురించిన అర్జున్ పండిత్‌రావ్ కేసులో ముగ్గురు న్యాయమూర్తులు ముడి విప్పారు. అసలు పరికరాన్నే దాని సొంతదారు కోర్టుకు తెచ్చి సాక్ష్యం చెబితే సర్టిఫికెట్ అక్కర్లేదు. నకలైతే తప్పదు. ఇవ్వాల్సినవారు ఇవ్వకపోతే, ఇప్పించమని కోర్టునే అడగవచ్చు.

2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమ్‌లో ఇది 63వ సెక్షన్. సర్టిఫికెట్ ఇప్పుడు రెండు భాగాలు: ఒకటి రికార్డు దాఖలు చేసే పార్టీది, రెండోది నిపుణుడిది. ఫైల్ హాష్ విలువా అందులో రాయాలి. హాష్ అంటే ఫైల్‌కి వేలిముద్ర లాంటిది. చాట్‌లో ఒక్క కామా మార్చినా ఆ అంకెలూ అక్షరాలూ పూర్తిగా మారిపోతాయి. హాష్ తీసిన తర్వాత ఫైల్‌పై ఎవరైనా చెయ్యి వేశారా లేదా అన్నది వాదనతో పనిలేకుండా తేలుతుంది. నియమం మంచిదే. కానీ తాలూకా కోర్టులో మనోవర్తి కోసం తిరిగే మనిషి ఆ నిపుణుణ్ణి ఎక్కడని వెతకాలి? ఫీజెంతని కట్టాలి? చట్టం రాసినవారు ఈ ప్రశ్నను వదిలేశారనే నా అభిప్రాయం.

ఇంకో రకం పార్టీలుంటారు. "మా ఆవిడ ఫోన్ తెరిచి అన్నీ ఫొటో తీశాను సార్" అంటారు గర్వంగా. వాళ్లను కూర్చోబెట్టి నచ్చజెప్పడానికి ఎక్కువ సమయం పడుతుంది. భార్య ఇతరులతో మాట్లాడిన ఫోన్ మాటలను భర్త చాటుగా రికార్డు చేయడం ఆమె గోప్యతకు భంగమని మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఎప్పుడో చెప్పింది. గోప్యత ప్రాథమిక హక్కని 2017లో పుట్టస్వామి కేసులో తొమ్మిదిమంది న్యాయమూర్తులు తేల్చారు. భార్యాభర్తలు తమలో తాము మాట్లాడుకున్నది ఒకరు రహస్యంగా రికార్డు చేసినా, విడాకుల కేసులో సాక్ష్యంగా తీసుకోవచ్చని 2025 జులైలో సుప్రీంకోర్టు అన్నమాట నిజమే. అంతమాత్రాన ఇంకొకరి ఫోన్‌లో దూరడానికి లైసెన్సు దొరికినట్టు కాదు. కపటబుద్ధితో దూరారని రుజువైతే ఐటీ చట్టం 66వ సెక్షన్ కింద మూడేళ్ల దాకా జైలు, ఐదు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ పడవచ్చు. కేసు గెలవబోయి ముద్దాయి కావద్దంటాను.

వాదనా పటిమ ఎంతున్నా, చెడిపోయిన సాక్ష్యాన్ని ఏ వకీలూ బాగుచేయలేడు. అందుకే గొడవ మొదలైందనిపించిన రోజే నాలుగు పనులు చేయండి. ఆ చాట్‌లో ఏదీ డిలీట్ చేయకండి, మీకు వ్యతిరేకంగా ఉన్నది కూడా. మెసేజీలు వాటంతటవే మాయమయ్యే సెట్టింగ్ ఆపేయండి. పాత ఫోన్ అమ్మకండి. సీసీ కెమెరా దృశ్యాలు కావాలంటే పాతవాటిపై కొత్తవి పడకముందే రాతపూర్వకంగా అడగండి. వకీలు దగ్గరికి ఆ తర్వాత వచ్చినా ఫర్వాలేదు.