బారా మూరా కొలిచి చెక్కే తెడ్డు

కయాక్ కొనేటప్పుడు పడవను పదిసార్లు తిప్పి చూసేవాళ్లు కూడా తెడ్డు దగ్గరికి వచ్చేసరికి ఏదో ఒకటిలే అంటారు. అల్యూమినియం గొట్టానికి రెండు చివర్లా ప్లాస్టిక్ రెక్కలు తొడిగిన చౌకరకం తెడ్డు పొట్టివాడికీ పొడుగువాడికీ ఒకటే కొలత. దానికన్నా మన వడ్ల ఆయన చేత చెక్కించుకున్న కర్ర తెడ్డు మేలంటాను.

హైదరాబాద్ దగ్గరున్న మొయినాబాద్‌కు ఒక పక్క ఉస్మాన్‌సాగర్, మరో పక్క హిమాయత్‌సాగర్. 1908 మూసీ వరద తర్వాత నిజాం సర్కారు ఈ జలాశయాలను 1920లో ఒకటి, 1927లో ఒకటి కట్టించింది. ఇంత నీటి పక్కనున్నా ఇక్కడి వడ్లవారికి పేరు తెచ్చినవి నాగళ్లు, గుంటకలు, దర్వాజలు. తెడ్డుకు కావలసిన పనితనమంతా అందులోనే ఉంది. నాగలి మేడి పట్టుకునేవాడి ఎత్తు చూసి చెక్కినవాళ్లకు తెడ్డు ఎంత పని?

ఒంటి కొలతతో తెడ్డు చెక్కే విద్యలో ఆరితేరినవారు గ్రీన్‌లాండ్ ఇన్యూట్లు. అడవులు లేని నేల వారిది. సముద్రం ఒడ్డుకు తోసిన మానులే వారికి కలప. రెక్క కొసలు అరగకుండా ఎముక ముక్కలు తొడిగేవారు. కొలత మాత్రం ఒంటి మీదే: చేతులు చాచి ఒక బార, దానిపైన ఒక మూర. రెక్క వెడల్పు గుప్పిట్లో ఇమిడేంత. అయిదున్నర అడుగుల మనిషికి తెడ్డు ఏడడుగులు వస్తుంది.

కృష్ణా, తుంగభద్రల్లో పుట్టి నడిపేవారి తెడ్డు వేరు. పుట్టి గుండ్రం, పక్కన తెడ్డేస్తే గిర్రున తిరుగుతుంది. అందుకే ముందువైపు కూర్చుని నీటిని తమవైపు లాక్కుంటారు. దానికి ఒక రెక్క, పొట్టి పిడి చాలు. కయాక్ సన్నం, పొడుగు. కుడి ఎడమలు మార్చి మార్చి వేయాలి గనుక రెండు రెక్కలు.

ఇక కలప. మనవాళ్ల మనసు ముందు టేకు మీదికే పోతుంది. టేకు నీటికి చెడదు, నిజమే, బరువు మాటేమిటి? నేను చెప్పే కొలతలో టేకు తెడ్డు సుమారు కిలోన్నర తూగుతుంది. గుమ్మడి టేకుతో చేస్తే కిలోకు కాస్త పైన. గంటకు మూడు వేలసార్లు తెడ్డేసే చేతికి ఆ నాలుగు వందల గ్రాములు చిన్న విషయం కాదు. నారేప గట్టిదే గానీ నీట మునుగుతుంది. చేయి జారితే తెడ్డు చెరువు అడుగుకే. సామిల్లులో గుమ్మడి టేకు అడగండి. ముడి లేకుండా, నార కొసనుంచి కొసకు సాపుగా సాగిన ముక్క దొరికేదాకా ఓపిక పట్టండి. సగం తెడ్డు అక్కడే తయారైనట్టు.

ముక్క మందం అంగుళమున్నర, వెడల్పు మూడున్నర అంగుళాలు. నాలుగు వైపులా నడిమి గీత గీసుకుని చివరిదాకా చెరగనివ్వకూడదు. నడుమ అడుగున్నర పైచిలుకు పిడికి వదిలి, రెక్కల ఆకారం రంపంతో కోశాక రంద పని. మందంగా ఉన్న నడుమ నుంచి పలచని అంచులకే రంద నడవాలి. ఎదురు నారలో నడిస్తే పెళ్లలు లేచిపోతాయి. రెక్క మధ్యలో వెన్ను మిగలాలి, అంచులు పలచబడాలి. పిడికి నాలుగు మూలలూ తీస్తే ఎనిమిది పలకలు, మళ్లీ తీస్తే పదహారు, ఆపైన ఉప్పు కాగితం. పిడి పూర్తి గుండ్రంగా వద్దు, కోలగా ఉండాలి. అప్పుడే కళ్లు మూసుకున్నా రెక్క ఎటు తిరిగి ఉందో అరచేతికి తెలుస్తుంది. వార్నిష్ తడిస్తే జారుతుంది; అవిసె నూనె పట్టించడమే నయం.

అసలు పరీక్ష నీళ్లలో. రెక్క రెండు ముఖాలూ సమంగా లేకపోతే లాగేటప్పుడు తెడ్డు చేతిలో అటూ ఇటూ వణుకుతుంది. ఒడ్డుకొచ్చి బరువెక్కిన వైపు రెండు పొరలు తీసి మళ్లీ దిగాలి. చౌక తెడ్డుకు ఈ దిద్దుబాటు కుదరదు.

ఆరేడు అంగుళాల వెడల్పు రెక్క నీటిని వెంటనే పట్టేస్తుంది. పరుగు పందేనికి, వడిగల ఏటికి అదే సరి. సన్న రెక్క నెమ్మదిగా పడుతుంది. పూర్తిగా ముంచాలి, పై అంచు కాస్త ముందుకు వంచాలి, చేతులు కిందుగా ఆడించాలి. అలవాటయ్యేదాకా ఇదేం తెడ్డనిపిస్తుంది. కానీ ఎదురుగాలి దాన్ని అంతగా పట్టదు, సాయంత్రానికి భుజాలు పట్టేయవు. చెరువుల్లో తీరుబడిగా తిరిగేవారికి నా ఓటు దీనికే.

రెండు జలాశయాలూ నగరానికి తాగునీటి కోసం కట్టినవి. తెడ్డు తయారైంది కదా అని అనుమతి లేకుండా పడవ దించకండి. ఎక్కడ దిగినా లైఫ్ జాకెట్ వేసుకోండి.