కొండపల్లి ఇంట్లో జోయాంథిడ్‌లు

ఉప్పునీటి అక్వేరియం అనగానే అది డబ్బున్నవాళ్ల వ్యవహారమనీ, సముద్రం పక్కనుంటే తప్ప కుదరదనీ మన వైపు చాలామంది అనుకుంటారు. కైకలూరు, ముదినేపల్లి వైపు రొయ్యల చెరువున్న రైతునెవరినైనా అడిగి చూడండి. సెలినిటీ, పీహెచ్, ఆల్కలినిటీ, అమ్మోనియా గడగడా చెబుతారు. సముద్రానికి దూరంగా, కొండ కింద ఉన్న కొండపల్లిలో గాజు తొట్టి పెట్టి జోయాంథిడ్‌లను పెంచాలన్నా కావలసింది ఆ విద్యే.

జోయాంథిడ్ పువ్వులా కనిపించే జంతువు. వేలిగోరంత పాలిప్‌లు ఒకే కండపొరతో కలిసి రాయి మీద గుంపుగా పరుచుకుంటాయి. రాతి పగడాలకున్న సున్నపు గూడు వీటికి ఉండదు. పొద్దున లైటు వేశాక దగ్గరికెళ్లి చూడండి. ముడుచుకున్న బుడిపె మెల్లగా విచ్చుకుంటుంది. అంచు చుట్టూ సన్నని పోగులు, లోపల గుండ్రటి రంగుల చదును, దాని నడుమ చిన్న చీలిక. ఆ చీలికే నోరు. ఒంట్లో కాపురముండే సూక్ష్మ శైవలాలు వెలుతురుతో తయారుచేసేదే వీటికి ముఖ్యమైన తిండి. విశాఖ రాతి తీరంలోనూ జోయాంథిడ్‌లున్నాయి. ఆటుకు నీరు తీస్తే ఎండలో ముడుచుకుని ఓర్చుకుంటాయి, పోటు రాగానే విచ్చుకుంటాయి. ఆ ఓర్పు ఉంది కాబట్టే కొత్తగా తొట్టి పెట్టేవాళ్లకు వీటినే చెబుతారు.

మచిలీపట్నం దగ్గరి మంగినపూడి నుంచి డబ్బాలతో నీళ్లు తెచ్చుకుందామనిపిస్తుంది. వద్దు. నది కలిసే చోటికి దగ్గరి నీళ్లలో బురద ఎక్కువ, వరదల కాలంలో ఉప్పదనం పడిపోతుంది. వంటకు వాడే కళ్లుప్పూ పనికిరాదు, అందులో కాల్షియం, మెగ్నీషియం సముద్రపు పాళ్లలో ఉండవు. ఆర్‌ఓ-డీఐ ఫిల్టర్‌లో టీడీఎస్ సున్నాకొచ్చిన నీళ్లలో అక్వేరియం సాల్ట్ కలిపి, రిఫ్రాక్టోమీటర్‌లో 35 పీపీటీ చూసుకోవాలి. ఆ తర్వాత 4 నుంచి 6 వారాలు ఓపిక పట్టాలి. అమ్మోనియాను నైట్రైట్‌గా, దాన్ని నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా తొట్టిలోని రాళ్లలో కుదురుకునేదాకా ఏ ప్రాణినీ వదలకూడదు. నైట్రేట్‌ను పూర్తిగా తీసేయాలని తాపత్రయపడక్కర్లేదు. 5–10 పీపీఎం ఉంటే జోయాంథిడ్‌లు పుష్టిగానే ఉంటాయి.

అసలు పరీక్ష మే నెలలో. వీటికి 24–27 డిగ్రీలు హాయి, బెజవాడ ఎండ 45 దాటిన ఏళ్లున్నాయి. నీటి మీదికి చిన్న ఫ్యాన్ తిప్పితే రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది గానీ, ఉక్కపోత రోజుల్లో అది చాలదు. ఖర్చుకు సిద్ధపడి నీటిని చల్లబరిచే చిల్లర్ కొనుక్కోవాలనే నా సలహా. ఆవిరయ్యేది నీరే, ఉప్పు తొట్టిలోనే ఉంటుంది. అందుకే రోజూ తగ్గినంత మేర శుద్ధి చేసిన మంచినీళ్లే పోయాలి. కరెంటు పోయినప్పటికి బ్యాటరీ ఏరేటర్ సిద్ధంగా ఉంచుకోండి. చెరువులో నాచుకు వాడే మైలుతుత్తం తగిలిన బకెట్ ఇటు రానివ్వకండి, రాగి వీటి పాలిట విషం.

పెరట్లో గులాబీ కొమ్మ పక్కింటికి ఇచ్చినట్టే ఈ అభిరుచిలో ముక్కలు చేతులు మారుతుంటాయి. పాలిప్‌ల నడుమ కండపొరను పదునైన బ్లేడుతో కోసి, జెల్‌లాంటి సూపర్ గ్లూతో చిన్న రాయికి అంటిస్తారు. కొన్నాళ్లు ముడుచుకునే ఉంటుంది, కంగారుపడి కదపకూడదు. ఈ పనికి గ్లవ్స్, కళ్లద్దాలు తప్పనిసరి. జోయాంథిడ్‌లలోనే ఒక రకమైన పాలిథోవా నుంచి 1971లో హవాయిలో మూర్, షోయర్ అనే రసాయన శాస్త్రవేత్తలు వేరుచేసిన పాలిటాక్సిన్, ప్రకృతిలోని అతి తీవ్రమైన విషాల్లో ఒకటి. ఇవి పెరిగిన రాయిని మరిగించినా, వేడినీళ్లతో కడిగినా ఆవిరి ప్రాణం మీదికి తెస్తుంది. అమెరికాలో, యూరప్‌లో అలా కుటుంబాలకు కుటుంబాలే ఆసుపత్రి పాలయ్యాయి.

ఇక మొదటి ముక్క ఎక్కడి నుంచి? విశాఖ రాళ్ల మీంచి మాత్రం గీకి తేకండి. వన్యప్రాణి సంరక్షణ చట్టం రాతి పగడాలన్నిటినీ రక్షిత జాబితాలో చేర్చింది. ఏది పగడమో, ఏది కాదో పోల్చుకోలేని చేయి తీరంలో ఏదీ పెకలించకూడదు. ఇంకొకరి తొట్టిలో పెరిగిన ముక్కనే అడిగి తీసుకోండి. రేపు మీరు మరొకరికి ఇచ్చేటప్పుడు ఒక జత గ్లవ్స్ కూడా చేతిలో పెట్టి, మరిగే నీళ్ల సంగతి చెప్పి పంపండి.