కలిపి తీసేసిన పదం

ఇంటర్ మొదటి సంవత్సరం పిల్లలు యూవీ ఫార్ములా అని పిలిచే లబ్ధ సూత్రం దగ్గర, ఏటా ఒక స్టెప్పులో పెన్నులు ఆగిపోతాయి. ఎఫ్, జీ అనే రెండు ప్రమేయాల లబ్ధం తీసుకుంటాం. ఎక్స్‌ను హెచ్ అంత పెంచి, కొత్త లబ్ధంలోంచి పాతది తీసేస్తాం. అంతలో పిలవని పేరంటానికి వచ్చినట్టు ఒక పదం దిగుతుంది: పాత ఎఫ్, కొత్త జీల లబ్ధం. దాన్ని తీసేసి, వెంటనే కలుపుతాం. నా చదువప్పుడు "అలా రాస్తే వస్తుంది, రాసుకోండి" అన్నారు. రాసుకున్నాను. అదెక్కడిదో ఏళ్ల తరబడి తెలియలేదు.

మొన్న ఒకమ్మాయి మొదట్లోనే ఆపింది. "సార్, రెండిటి అవకలజాలూ గుణించేస్తే సరిపోదా?" ఎంత మంచి ప్రశ్న! 1675 నవంబరులో లైబ్నిజ్ కూడా తన కాగితాల్లో ఇదే అనుమానం రాసుకుని, కాదని తేల్చుకున్నాడు. ఎక్స్‌ని ఎక్స్‌తోనే గుణించి చూడమన్నాను. అవకలజాల లబ్ధం 1, ఎక్స్ వర్గం అవకలజమేమో 2ఎక్స్. తనే కొట్టేసింది.

అప్పుడు బోర్డు మీద దీర్ఘచతురస్రం గీశాను. పొడవు 10, వెడల్పు 6. రెండూ 0.1 చొప్పున పెరిగితే వైశాల్యం 60 నుంచి 61.61 అవుతుంది. పెరిగిన 1.61లో ఒక పట్టీ 1, రెండోది 0.6, మూలన ముక్క 0.01. పెంపు 0.01కి తగ్గిస్తే పట్టీలు పదో వంతవుతాయి, మూల ముక్క నూరో వంతవుతుంది. హెచ్‌తో భాగించి అవధికి వెళ్లేసరికి మిగిలేవి పట్టీలే.

మరి ఆ పిలవని పదం? పాత పొడవు, కొత్త వెడల్పు ఉన్న దీర్ఘచతురస్రం. ముందు ఒక వైపు పెంచి, తర్వాత రెండో వైపు పెంచాం, అంతే.

ఇక్కడ ఇంకో మాట దాటిపోకూడదు. నిరూపణలో కొత్త జీ, హెచ్ సున్నాకి చేరేకొద్దీ పాత జీకి చేరుతుందని రాస్తాం. ఎందుకు చేరుతుంది? అవకలనీయమైన ప్రమేయం అవిచ్ఛిన్నం కాబట్టి. ఈ ఒక్క కారణం రాయని జవాబుని పూర్తి నిరూపణగా ఒప్పుకోను. మార్కులు పడినా సరే.

"మూడు ప్రమేయాలైతే డబ్బా గీయాలా సార్?" అందా అమ్మాయి. చాక్‌పీస్ చేతికిచ్చాను. డబ్బాకి మూడు వైపులా మూడు పలకలు అతికించి, వాటి మధ్య అంచుల్లో మిగిలిన మూడు సన్నటి కడ్డీల దగ్గర ఆగి, వేళ్లతో లెక్కపెడుతోంది.