చూసినందుకు కూలి

కారు మీటర్ బోర్డులో పసుపుపచ్చగా ఏబీఎస్ లైటు వెలిగితే మనవాళ్లు ముందు ఒకసారి బ్రేకు తొక్కి చూస్తారు. బండి ఆగుతుంది. 'ఏం కాలేదులే' అని నెలల తరబడి అలాగే తిప్పుతారు. ఆ మాట సగం నిజమే. ఏబీఎస్ పనిచేయకపోయినా మామూలు బ్రేకు పనిచేస్తుంది. చక్రం బిగుసుకుపోయే క్షణంలో దాన్ని వదిలి, మళ్లీ పట్టి, స్టీరింగు మన చేతిలోనే ఉంచే పని మాత్రం ఆగిపోతుంది. దాని పక్కనే ఎర్ర బ్రేకు లైటు కూడా వెలిగితే ఇక బండి నడపకూడదు.

ఆ పని విలువ నిజామాబాద్–బోధన్ రోడ్డు మీద తిరిగేవాళ్లకు తెలుసు. బోధన్‌లోని శక్కర్‌నగర్‌లో 1937లో పెట్టిన నిజాం చక్కెర ఫ్యాక్టరీ 2015 డిసెంబర్‌లో మూతపడింది. చుట్టుపక్కల చెరుకు తగ్గి వరి పెరిగింది. ఒకప్పుడు సీజన్‌లో చెరుకు బండ్లు బారులు తీరిన చోట ఇప్పుడు కోతలయ్యాక రోడ్డుకు ఓ పక్కన వడ్లు ఆరబోస్తున్నారు. ఎదురుగా లారీ వచ్చి మనం పక్కకు జరిగితే ఎడమ చక్రాలు వడ్ల మీద, కుడి చక్రాలు తారు మీద. అప్పుడు గట్టిగా బ్రేకు తొక్కితే ఏబీఎస్ లేని బండి పట్టున్న వైపుకు గిర్రున తిరిగిపోతుంది. నాట్ల కాలంలో ట్రాక్టర్లు పొలంలోంచి మోసుకొచ్చే నల్లరేగడి బురద వానకు తడిస్తే, ఆగడమే కాదు, ఆగిన బండిని కదిలించడమూ కష్టమే. అక్కడ ట్రాక్షన్ కంట్రోల్ అక్కరకొస్తుంది.

బాష్, మెర్సిడెస్ బెంజ్ కలిసి 1978లో ఖరీదైన కార్లకు తెచ్చిన ఏబీఎస్, 2019 ఏప్రిల్ నుంచి మన దేశంలో కొత్త కార్లన్నిటికీ తప్పనిసరి అయింది. ఆ కార్లిప్పుడు పాతబడి, కంపెనీ వారంటీ దాటి, మన షెడ్లకు వస్తున్నాయి.

నాలుగు చక్రాల దగ్గర ఉండే సెన్సర్లు ఏ చక్రం ఎంత వేగంగా తిరుగుతోందో కంట్రోల్ యూనిట్‌కు చెబుతుంటాయి. బ్రేకు వేసినప్పుడు ఒక చక్రం మిగతావాటికంటే చటుక్కున నెమ్మదిస్తే అది బిగుసుకుంటోందని లెక్క. యాక్సిలరేటర్ తొక్కినప్పుడు ఒకటి ఉరికితే అది జారుతోందని లెక్క. మొదటిది చూసుకునేది ఏబీఎస్, రెండోది ట్రాక్షన్ కంట్రోల్. రెండింటికీ కబురు అందించేవి ఆ నాలుగు సెన్సర్లే. అందుకే ఒక్కటి మూగబోయినా ఏబీఎస్, ట్రాక్షన్ కంట్రోల్ లైట్లు రెండూ వెలుగుతాయి. రెండు లైట్లు చూసి రెండు రోగాలనుకుని బెంబేలు పడక్కర్లేదు.

మా బావమరిది బోధన్‌లో ఉంటాడు. ముందు ఎడమ చక్రం బేరింగు గోల పెడుతుంటే ఒక షెడ్డులో మార్పించాడు. ఆ తర్వాత రెండు లైట్లూ వెలగడం మొదలుపెట్టాయి. స్కానర్ పెడితే సి0035 అని వచ్చింది, అంటే ముందు ఎడమ చక్రం సెన్సర్. కొత్త సెన్సర్ వేశారు. లైట్లు మళ్లీ వచ్చాయి. ఇక ఏబీఎస్ యూనిట్టే మార్చాలన్నారు. అది వేలల్లో బేరం. అప్పుడు బండిని నిజామాబాద్ ఆటోనగర్‌లో మేము ఉస్తాద్ అని పిలిచే మెకానిక్ దగ్గరికి తెచ్చాడు.

ఉస్తాద్ పానా ముట్టుకోలేదు. "తాళం తిప్పంగనే వెలుగుతుందా సార్, బండి కదిలినంకనా?" అని అడిగాడు. కదిలాకే అన్నాడు బావమరిది. వైరు తెగితే సాధారణంగా తాళం తిప్పగానే యూనిట్‌కు తెలిసిపోతుంది. కాస్త దూరం నడిచాక వెలిగిందంటే వైరు బాగానే ఉండి, చక్రం తిరుగుతున్నా కబురు రావడం లేదన్నమాట. "సెన్సర్ ఖరాబైందని కోడ్ చెప్తలేదు సార్, సెన్సర్ కెల్లి కబురు వస్తలేదని చెప్తున్నది" అన్నాడు. తర్వాత స్కానర్‌లో నాలుగు చక్రాల వేగం పెట్టుకుని మెల్లగా బండి నడిపించాడు. మూడు గీతలు పైకి లేచాయి. నాలుగోది సున్నా దగ్గరే ఉండిపోయింది.

కవరు విప్పని కొత్త బేరింగు ఒకటి తెప్పించి, గ్రైండర్ కింది ఇనుప రజను చిటికెడు తీసి కవరు మీద చల్లాడు. ఒక వైపు ఏమీ కాలేదు. రెండో వైపు రజను గుండ్రంగా, పళ్లు పళ్లుగా అతుక్కుంది. ఆ ముఖంలో అయస్కాంతం ఉంది. సెన్సర్ చదివేది దాన్నే, కాబట్టి ఆ ముఖం సెన్సర్ వైపే ఉండాలి. పాత షెడ్డువాళ్లు బేరింగును తిరగేసి ప్రెస్ చేశారు. చక్రానికి తేడా తెలియదు, శబ్దం రాదు, సెన్సర్‌కు మాత్రం చదవడానికి ఏమీ లేదు. ప్రెస్‌లో ఊడదీసిన బేరింగు మళ్లీ పనికిరాదు గనక కొత్తది వేసి, కోడ్ తుడిచి, ఒక చుట్టు తిప్పి తెచ్చాడు. లైట్లు రాలేదు.

బిల్లులో బేరింగు ఉంది, ప్రెస్ కూలి ఉంది. అడిగిన ప్రశ్నలకు, గీతలు చూసిన సమయానికి ఏమీ లేదు. అడిగితే ఉస్తాద్ నవ్వి, చూసినందుకు డబ్బులు అడిగితే గిరాకీ మళ్లీ రాదన్నాడు. ఈ వ్యవహారమంతటిలో నాకు మింగుడుపడనిది ఇదే. సామాను డబ్బాలో వస్తే ఎంతైనా ఇస్తాం. కనిపెట్టినందుకు అడిగితే 'చూసినందుకేనా?' అంటాం. సామాను అమ్మితేనే పూట గడిచే చోట సామానే అమ్ముతారు. కోడ్‌లో ఏ పేరు కనిపిస్తే ఆ పార్టు మార్చడం అలా అలవాటవుతుంది. బావమరిది అక్కరలేని సెన్సర్‌కు పెట్టిన డబ్బు, ఎవరైనా అరగంట కూర్చుని చూసినందుకు ఇవ్వాల్సిన దానికంటే ఎక్కువే.

ఈ రోగాల్లో చాలావాటికి పార్టు మార్పు అసలు మందే కాదు. వరి పొలాల పక్కన నిలిపిన బండ్లలో ఎలుకలు వైర్లు కొరుకుతాయి. బురద, తుప్పు చేరి సెన్సర్‌ను మిల్లీమీటరంత జరిపినా చాలు. కొన్ని బండ్లలో సెన్సర్ చదివే పళ్ల రింగు పగిలితే కొన్నిసార్లు లైటే వెలగదు. బండి ఆగబోయే ముందు పెడల్ కాలి కింద గరగరమంటుంది, అంతే. ఫోనుకు తగిలించుకునే చవక రీడర్లలో చాలావరకు ఇంజిన్ కోడ్‌లే చూపిస్తాయి, ఏబీఎస్ జోలికి పోవు. ఇవన్నీ తేల్చడానికి కావలసింది సమయం.

కాబట్టి షెడ్డుకు వెళ్లినప్పుడు లైటు ఎప్పుడు వెలుగుతుందో, ఈ మధ్య ఏ చక్రం దగ్గర ఏ పని చేయించారో ముందే చెప్పండి. 'పార్టు సంగతి తర్వాత, చూసినందుకు ఎంత?' అని అడిగి ఒప్పుకోండి. తప్పు దొరక్కపోయినా ఆ డబ్బు ఇవ్వండి. ఏది బాగుందో తేల్చడమూ పనే.