అచ్చు మారని బొమ్మలు

అమెరికాలో హాస్‌బ్రో సంస్థ 1964లో జి.ఐ. జో సైనిక బొమ్మను విడుదల చేసింది. వియత్నాం యుద్ధంపై వ్యతిరేకత పెరిగాక, 1970లో ఆ సైనికుడికి సాహసయాత్రికుడి వేషం వేసింది. అంటే అభిమానులకంటే ముందే వ్యాపారం అతని రూపం మార్చింది. 1982లో మూడుముప్పావు అంగుళాల బొమ్మలుగా తిరిగి తెచ్చినప్పుడు ఒక్కొక్కరికీ పరిచయపత్రం జతచేసింది. వాటిలో అధికభాగం రాసినవాడు లారీ హామా.

ఈ బొమ్మల వీపున స్క్రూ, లోపల రబ్బరు రింగు ఉంటాయి. స్క్రూ విప్పి తలలూ చేతులూ మార్చి, రంగులు పూసి, కొత్త పరిచయపత్రాలు రాసుకొనే అభిమానులున్నారు. కొన్న సరుకుమీద సొంత శ్రమను నిలిపే ఈ పనిని పిల్లచేష్టగా కొట్టివేయడం సరికాదని నా అభిప్రాయం. అయితే నేను చూసినవాటిలో ఎక్కువభాగం కొత్త తుపాకీ పట్టిన పాత సైనికులే. యుద్ధం ఎవరి ఊరిమీద జరుగుతుందో ఆ ఊరివాడికి పరిచయపత్రం కనిపించదు.

1993లో బార్బీ లిబరేషన్ ఆర్గనైజేషన్ పేరిట కొందరు, మాట్లాడే జో, బార్బీ బొమ్మల గొంతుపెట్టెలు తారుమారు చేసి, వాటిని మళ్ళీ దుకాణాల్లో పెట్టారు. వేషాలు అలాగే ఉంచి మాట మార్చారు. ఆ బొమ్మలు పిల్లలకు ఏ విలువలు నేర్పుతున్నాయో దానితో బయటపడింది. వస్తువును తాకకుండా శిల్పం మాత్రమే మార్చే రచయితలు ఈ తేడాను గమనించాలి.